పండగకి ఆయన రారు: పిల్లలకి ఏం చెప్తున్నారు?

ఉద్దానం_కోడలు
మా ఆయన ఆర్మీలో. ఇప్పుడు ఫీల్డ్‌లో ఉన్నారు, ఎక్కడో చెప్పను. దసరాకి వస్తానన్నారు, రాలేదు. దీపావళికి అన్నారు, అదీ పోయింది. సంక్రాంతికి ఖాయం అని మొన్నటిదాకా అన్నారు. నిన్న ఫోన్ చేసి "కష్టమే, చూద్దాం" అంటున్నారు. నాకైతే అలవాటైపోయింది. తలనొప్పి వేరే వాళ్లతో. మా బాబు ఒకటో తరగతి, "మా నాన్న భోగికి వస్తున్నాడు" అని బడంతా చాటేశాడు. ఇక చుట్టాలు. కొత్త చీర కడితే "మొగుడు ఊళ్లో లేకపోయినా సింగారానికి లోటు లేదు" అంటారు, కట్టకపోతే "పండగ పూట ఆ మొహమేంటి" అంటారు. అత్తగారు మంచావిడే. కానీ అరిసెల పాకం పడుతూ కళ్లు తుడుచుకుంటుంటే ఇంట్లో ఎవరికీ ఏమీ తినబుద్ధి కాదు.

మీ ఇళ్లలో ఎలా? రారని పిల్లలకి ముందే చెప్పేస్తారా, ఆఖరి రోజు దాకా ఆగుతారా? ఆయన వచ్చాక పండగ మళ్లీ చేసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

"ధైర్యంగా ఉండమ్మా, దేశం కోసం" లాంటివి దయచేసి వద్దు. అవి వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి.

ఖాకీ_కాపురం
ముందే చెప్పేయండి. మా ఆయన హైదరాబాద్‌లో కానిస్టేబుల్. మాది ఇంకో రకం బాధ. మనిషి ఊళ్లోనే ఉంటాడు, ఇంటికి మాత్రం రాడు. నిమజ్జనం రోజు టీవీలో ట్యాంక్‌బండ్ చూపిస్తుంటే మా పాప తెరకి అతుక్కుపోయి కనపడిన ప్రతి ఖాకీనీ నాన్నే అంటుంది. దూరంగా ఉంటే పోనీలే అనుకోవచ్చు, ఆటోలో వెళ్తే పలకరించి రాగలిగేంత దగ్గర్లో ఉండి రాకపోతే పిల్లలకి ఏమని చెప్పాలి?

జై_జవాన్_సాయి
ధైర్యంగా ఉండండి మేడమ్, దేశం కోసం మీ త్యాగం గొప్పది 🙏

ఖాకీ_కాపురం
చివరి లైను చదివినట్టు లేరు 😂

పాత_సుబేదార్
అమ్మా, లీవు ఎలా నడుస్తుందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, చెప్తాను.

జవానుకి ఏడాదికి యాన్యువల్ లీవ్ 60 రోజులు, క్యాజువల్ లీవ్ 30 రోజులు. కాగితం మీద 90. కానీ యూనిట్ నుంచి ఒకేసారి ఇంతమందికి మించి వదలరు, అందుకే ముందుగానే ఎవరెప్పుడు వెళ్లాలో ప్లాన్ వేసి పెడతారు. పేచీ అంతా అక్కడే. హర్యానా వాడికి హోలీ కావాలి, బీహార్ వాడికి ఛఠ్ కావాలి, మలయాళీకి ఓణం కావాలి. నేను ఆర్టిలరీలో అన్ని రాష్ట్రాల వాళ్లూ కలిసున్న యూనిట్‌లో చేశాను. దీపావళికి నేనుంటా, జనవరిలో నన్ను వదలండి అంటే బేరం తేలిగ్గా కుదిరేది. మా బావమరిది మద్రాస్ రెజిమెంట్, అక్కడ మన దక్షిణాది వాళ్లే. వాడికి ఆ బేరం కుదరదు. తమిళులకి పొంగలు, మనకి సంక్రాంతి, రెండూ ఒకే రోజు. సగం కంపెనీ అదే వారం అడుగుతుంది. దానికి తోడు జనవరి 15 ఆర్మీ డే, వెంటనే 26.

ఇంకో సంగతి. ముందు వెళ్లినవాడు తిరిగి రిపోర్ట్ చేస్తేనే తర్వాతి వాడు కదిలేది. చలికాలం లద్దాఖ్ వైపు జోజిలా లాంటి కనుమ దారి మంచుతో మూసుకుపోతే, వాడు ఆ పక్క, వీడు ఈ పక్క. అందుకని "వస్తావా రావా" అని అడిగితే పాపం ఆయనకీ తెలియదు. "ప్లాన్‌లో నీ పేరు ఎప్పుడుంది, నీ ముందు వెళ్లినవాడు ఎప్పుడొస్తాడు" అని అడగండి. దానికి జవాబు ఉంటుంది.

డ్యూటీ_బండోడు
90 రోజులా! సుబేదార్ సార్, ఈ మాట మా స్టేషన్‌లో గట్టిగా అనకండి, ఉన్న స్టాఫ్ అంతా ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి పరిగెడతారు.

మా సంగతి వినండి. 1861 నాటి పోలీసు చట్టం, సెక్షన్ 22, పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అప్పట్లో రాశారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. 2019లో ఆంధ్రలో వారానికో రోజు సెలవు అని మొదలుపెట్టినప్పుడు మా ఆవిడ క్యాలెండర్‌లో ఆ రోజులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టేసింది. మంచి ఆలోచనే. కానీ స్టాఫ్ పెరగకుండా సెలవు పెరగాలంటే ఎట్లా? తర్వాత కోవిడ్ వచ్చింది, ఆ పెన్ను ఎక్కడ పడేసిందో.

చవితికి మండపాలు. దసరాకి ఇంద్రకీలాద్రి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవకి తిరుమల. శివరాత్రికి శ్రీశైలం. సంక్రాంతికి కోడిపందేల బరులు. మీకు పండగకి సెలవు దొరకదు, మాకు పండగే డ్యూటీ.

పాత_సుబేదార్
బాబూ, నిజమే. కానీ రాత్రికైనా ఇంటికి చేరతారు కదా.

డ్యూటీ_బండోడు
ఏ రాత్రికి సార్?

టీజీబెటాలియన్_వదిన
చేరరు సుబేదార్ గారూ. మా ఆయన స్పెషల్ పోలీస్ బెటాలియన్. ఇవాళ ఈ జిల్లా, రేపు ఇంకో జిల్లా. 2024 అక్టోబరులో తెలంగాణ బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీద కూర్చున్నారు, గుర్తుందా? మాకు జీతం గొడవ కాదు, మనిషి ఇంట్లో ఉండే రోజులు కావాలని అడిగాం. ఆ తర్వాత కొంతమంది కానిస్టేబుళ్ల ఉద్యోగాలే పోయాయి. అప్పట్నుంచీ మా ఇంట్లో పండగ గురించి గట్టిగా మాట్లాడాలన్నా భయమే.

మోడరేటర్
ఎవరి కష్టం ఎక్కువ అనే పోటీ మొదలవుతోంది. ఉద్దానం_కోడలు గారు అడిగింది వేరు. అటు రండి.

తంగేడు_లాఠీ
అటే వస్తున్నా మోడరేటర్ గారూ, కానీ ముందు టైటిల్ మార్చండి. "ఆయన" రారు అట. ఆవిడ రాని ఇళ్లు లేవా?

నేను మహిళా కానిస్టేబుల్‌ని. సద్దుల బతుకమ్మ రోజు చెరువు గట్టున నా డ్యూటీ. ఊరి ఆడవాళ్లంతా పట్టుచీరల్లో చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను తాడు పట్టుకుని "అమ్మా, నీళ్ల దగ్గరికి పోకండి, పిల్లల్ని చూసుకోండి" అని అరుస్తూ ఉంటా. మా బిడ్డ బతుకమ్మని మా ఆయన పేరుస్తాడు. మొదటి ఏడాది తంగేడు పూలు తలకిందులుగా పెట్టాడు. ఇప్పుడు మా వాడకట్టులో ఆయనదే ఎత్తైన బతుకమ్మ, ఆడవాళ్లు వచ్చి సలహా అడుగుతున్నారు, ఆ గర్వం చూడాలి మీరు.

పిల్లలకి చెప్పే విషయం. మగాయన డ్యూటీకి పోతే "నాన్న డ్యూటీలో ఉన్నాడు" అంటారు. నేను పోతే "పండగ పూట కూడా మీ అమ్మకి ఇల్లు పట్టదా" అంటారు. నా బిడ్డ ఆ మాట నా నోటినుంచి కాక పక్కింటోళ్ల నోట వింది. అందుకే నేను చెప్పేది ఒకటే. ఎవరో చెప్పకముందే మీరే చెప్పండి.

హెచ్‌సీ_గారమ్మాయి
మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. పిల్లల వైపు నుంచి చెప్తాను, ఇక్కడ అందరూ పెద్దవాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి.

నాన్న రాకపోవడం నాకు పెద్దగా గుర్తు లేదు. వస్తానని చెప్పి రాకపోవడం మాత్రం బాగా గుర్తుంది. కొత్త గౌను వేసుకుని గేటు దగ్గర నిలబడటం, అమ్మ "ఇంకాసేపట్లో" అనడం, నిద్రపోయాక నాన్న వచ్చి తెల్లారేలోపే వెళ్లిపోవడం. వదిలిన బూటు సాక్సుల వాసనని బట్టి రాత్రి వచ్చాడని పోల్చుకునేవాళ్లం. రాడని ముందే చెప్పిన పండగల్లో మేం హాయిగా ఆడుకున్నాం.

దయచేసి సర్‌ప్రైజ్ అని యూనిఫాంతో బడికి వెళ్లి వీడియోలు తీయకండి. చూసేవాళ్లకి బాగుంటుంది. ఒకసారి అలా వచ్చాక, ఆ పిల్ల ఇక ప్రతి పండగకీ తలుపు వైపే చూస్తుంది.

మిగ్_కాదు_మగ్గు
సర్‌ప్రైజ్ విషయంలో ఒప్పుకోను. నేను ఎయిర్‌ఫోర్స్. చెప్పకుండా దిగితే మా అమ్మ మొహంలో వచ్చే వెలుగు కోసమే లీవు పెడతా. పైగా చెప్పి రాలేకపోవడం కంటే చెప్పకుండా రావడమే మేలు కదా, మీ లెక్క ప్రకారమే.

హెచ్‌సీ_గారమ్మాయి
అమ్మకి చేయండి, ఎన్నిసార్లైనా చేయండి. నేనన్నది ఆరేళ్ల పిల్లల గురించి.

బస్తర్_బాబాయ్
నేను సీఆర్పీఎఫ్. మాకు క్యాజువల్ లీవ్ ఆర్మీ అంత లేదు. ఏడాదికి 100 రోజులు కుటుంబంతో ఉండేలా చూస్తామని హోం మంత్రి 2019లో ప్రకటించారు. ఆ అంకె మా బ్యారక్‌లో జోక్ అయిపోయింది. ఎవడైనా సణిగితే "నీ వంద అయిపోయాయిరా" అంటాం.

అక్టోబరు 21 గురించి కూడా చెప్పాలి. పోలీసు అమరవీరుల దినం. 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా వాళ్ల కాల్పుల్లో పది మంది మా వాళ్లు పోయారు, ఆ రోజది. దసరా, దీపావళి మధ్యనో ఆ చుట్టుపక్కలో వస్తుంది. పొద్దున స్మారకం దగ్గర పరేడ్, సాయంత్రం ఇంటినుంచి "టపాసులు కొన్నాం నాన్నా" అని ఫోన్. మనసు ఏ వైపు తిప్పుకోవాలో తెలియదు.

క్యాంపులో పండగ ఎలా ఉంటుందని ఇళ్లల్లో బెంగ పెట్టుకుంటారు. నిజానికి పండగ రోజు బాగానే ఉంటుంది. బడాఖానా ఉంటుంది, జవాన్లూ ఆఫీసర్లూ కలిసి తింటారు, ఎవడో ఒకడు డాన్స్ చేస్తాడు. కష్టమంతా మర్నాడు. ఫోన్లన్నీ అయిపోయి, ఒక్కొక్కడూ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మా హవల్దార్ ఒకాయన పండగ మర్నాడు కావాలనే వాలీబాల్ మ్యాచ్ పెట్టేవాడు, ఓడిన జట్టు అందరి బట్టలు ఉతకాలి. అప్పుడు తిట్టుకున్నాం కానీ ఆయనకి మనుషుల్ని చదవడం వచ్చు. ఎవడైనా మరీ ముభావంగా ఉంటే టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, దానికి ఫోన్ చేయించేవాళ్లం. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సైన్యం వాళ్ల కోసం అందులో విడిగా ఒక విభాగం 2023 డిసెంబరులో పుణేలో పెట్టారు. ఇంట్లో ఆడవాళ్లు కూడా చేయొచ్చు.

అందుకని అమ్మా, పండగ రోజు పది నిమిషాలు మాట్లాడితే చాలు. మర్నాడు మాత్రం తప్పకుండా చేయండి.

పాత_సుబేదార్
నిజం. మా రోజుల్లో ఉత్తరమే. పేరు, నంబరు, యూనిట్, కింద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే చాలు, మనిషి ఏ కొండ మీదున్నా తపాలా వాళ్లు పట్టుకొచ్చేవాళ్లు. సంక్రాంతి సంగతులు మాఘమాసంలో చదువుకునేవాళ్లం. చదివేసరికి పండగ అయిపోయి ఉండేది కాబట్టి పెద్దగా బాధ అనిపించేది కాదు. ఇప్పుడు 2023లో సియాచిన్‌లో బీఎస్ఎన్ఎల్ టవర్ పెట్టారు, 2025 జనవరిలో జియో వచ్చింది. మంచిదే, కాదనను. కానీ మీ ముగ్గుకి రంగులు వేస్తుండగా అక్కడ పోస్టులో కూర్చుని లైవ్‌లో చూడటం కుర్రాళ్లకి తేలికనుకుంటున్నారా?

ఖాకీ_కాపురం
అంటే వీడియో కాల్ చేయొద్దంటారా? అది లేకపోతే నేను ఏమైపోయేదాన్నో!

పాత_సుబేదార్
చేయండమ్మా, చేయండి. పండగంతా ఫోన్ ఎత్తి పట్టుకుని తిప్పొద్దంటున్నా, అంతే.

సిగ్నల్_శర్మ
ఇంకొక మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. "మా వారు ఫలానా సెక్టార్‌లో, ఈ పండగకి మిస్ యూ" అని యూనిట్ బోర్డు కనపడే ఫోటోలు పెడుతున్నారు కొందరు. వద్దు. 2020 జులైలో ఆర్మీ తన వాళ్లని ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమన్నది సమాచారం బయటికి పోకూడదనే, సరదాకి కాదు. పెట్టాలనిపిస్తే పెళ్లి ఫోటో పెట్టుకోండి. ఉద్దానం_కోడలు గారు మొదటి లైనులోనే చోటు చెప్పనన్నారు, శభాష్.

తొలి_సంక్రాంతి
నాది ఇంకా ఘోరం. శ్రావణంలో పెళ్లయింది. ఇది మాకు తొలి సంక్రాంతి. మా నాన్న అల్లుడి కోసం బట్టలు, ఉంగరం అన్నీ కొని పెట్టారు. అల్లుడుగారు బోర్డర్‌లో. మా పెద్దనాన్న "అల్లుడు రాని సంక్రాంతికి కూతుర్ని పిలవడమేంటి" అంటున్నారు. వెళ్లనా మాననా?

గోదారి_అక్క
వెళ్లవే పిల్లా! అల్లుడికి పెట్టాల్సినవన్నీ వాట్సాప్‌లో చూపించి కుళ్లబెట్టు.

కాస్త సీరియస్‌గా. మా అక్కని మాధవరం ఇచ్చారు, తాడేపల్లిగూడెం దగ్గర. మిలిటరీ మాధవరం అంటారే, ఇంటింటా సైన్యంలో ఎవరో ఒకరు ఉండే ఊరు. అక్కడ తొలి పండగకి అల్లుడు రాకపోతే ఎవరూ నోరు నొక్కుకోరు. వచ్చినప్పుడు చేస్తారు, వేసవి అయినా సరే, బొబ్బట్లతో సహా. ఇబ్బందంతా మనలాంటి ఊళ్లలోనే, ఇలాంటి ఉద్యోగం అందరికీ తెలియని చోట. మీ పెద్దనాన్నగారికి ఆ అల్లుడి చేతే ఫోన్ చేయించు, "నా బదులు అమ్మాయికి మర్యాదలు చేయండి" అని. మెత్తబడతారు.

తొలి_సంక్రాంతి
ఉంగరం సంగతి?

గోదారి_అక్క
ఆయన వచ్చేదాకా నువ్వు పెట్టుకో. లూజైతే దారం చుట్టు.

బ్యాచిలర్_పీసీ
అందరూ పెళ్లాం పిల్లలంటున్నారు, మా గోడు వినండి. ప్రతి పండగకీ రోల్ కాల్‌లో ఇదే మాట. "నీకు పెళ్లి కాలేదు కదరా, నువ్వు ఉండు." పెళ్లి కాకపోతే అమ్మానాన్న ఉండరా? మా అమ్మ నా ఒక్కడి కోసమే సున్నుండలు చేస్తుంది. ఇలా ప్రతి పండగకీ డ్యూటీలో ఉంటే సంబంధాలు ఎప్పుడు చూసుకోవాలి, పెళ్లి ఎప్పుడవ్వాలి, సెలవు ఎప్పుడు దొరకాలి?

డ్యూటీ_బండోడు
తమ్ముడూ, పెళ్లయ్యాక దొరుకుతుందని ఎవరు చెప్పారు నీకు 😂

స్టేషన్_మేస్త్రీ
బ్యాచిలర్ తమ్ముడు అన్నది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను ఎస్సైని, రోస్టర్ వేసేది నేనే, తిట్లు తినేదీ నేనే. పండగకి ఎవరికీ సెలవు ఇవ్వలేం అనుకుంటారు. పూర్తి సెలవు ఇవ్వలేం, అది నిజం. కానీ సంక్రాంతి మూడు రోజులు. భోగి, సంక్రాంతి, కనుమ, ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పూట వచ్చేలా చీటీలు తీయిస్తా. కనుమ పడినవాడు మాంసం తినేవాడైతే సంతోషం, సంక్రాంతి రోజు పడినవాడు పూజలు గట్టిగా చేసేవాడైతే సంతోషం, వాళ్లలో వాళ్లు మార్చుకుంటారు. పోయిన పండగకి డ్యూటీ చేసినవాడి పేరు ఈసారి చీటీల్లో ముందు తీయాలి. ఆ పుస్తకం స్టేషన్ రైటర్ (రికార్డులు రాసే కానిస్టేబుల్) దగ్గర ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. మా వాళ్లు సెలవు దొరకనందుకు అంతగా బాధపడరు, వాడికిచ్చి నాకివ్వలేదన్న దగ్గర మండుతుంది. క్రిస్మస్, రంజాన్‌లకి ఇంకా తేలిక, మిగతావాళ్లు ముందుకొచ్చి డ్యూటీ తీసుకుంటారు.

పైనుంచి వీఐపీ ప్రోగ్రాం పడితే చీటీలన్నీ చిత్తు కాగితాలే. దానికి నా దగ్గర మందు లేదు.

హోంగార్డ్_అన్న
సార్, మీ స్టేషన్‌లో హోంగార్డుల పేర్లు కూడా చీటీల్లో ఉంటాయా? మాకు డ్యూటీ చేసిన రోజుకే డబ్బు. పండగ సెలవంటే ఆ రోజు కూలీ పోయినట్టే, అందుకని మేమే అడగం. అడగడం లేదు కదా అని అన్ని పండగలూ మాకే వేస్తారు.

స్టేషన్_మేస్త్రీ
ఉంటాయి అన్నా. కానీ మీరన్న డబ్బు సంగతి ఎస్సై చేతిలోది కాదు.

గోదారి_అక్క
పార్సిల్ పంపేవాళ్లకి: అరిసెలు, సున్నుండలు పంపండి. జంతికలు పంపితే అక్కడికి పొడి చేరుతుంది, మా వాడు దాన్ని ఉప్మాలో కలుపుకున్నాడట. బొబ్బట్లు అసలు వద్దు. ఇంకో కిటుకు, ఒక్కడికి సరిపడా పంపొద్దు, లంగర్‌లో (వాళ్ల వంటశాలలో) డబ్బా తెరవగానే అందరి చేతులూ పడతాయి. వాడికి ఒక్కటే మిగులుతుంది, మీరేమో కడుపునిండా తిన్నాడనుకుంటారు.

ఉద్దానం_కోడలు
అందరివీ చదివాను. సుబేదార్ గారు చెప్పినట్టే అడిగాను. ముందు వెళ్లినాయన హర్యానా, జనవరి మూడో వారంలో గానీ తిరిగి రారట. అంటే భోగికి రావడం జరగదు. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అంటే "నువ్వు బాధపడతావని" అన్నారు. ఆ మాటకి వచ్చినంత కోపం ఇంకే మాటకీ రాలేదు.

బాబుకి చెప్పేశాను. వాడు కాసేపు ఆలోచించి "మరి భోగి మంటలో పెద్ద దుంగ ఎవరేస్తారు" అన్నాడు. చిన్నాన్న వేస్తాడంటే సరేనని ఆడుకోవడానికి పోయాడు. ఇన్నాళ్లూ నేను నిద్ర మానుకున్నది దీని కోసమా! వాళ్ల నాన్నకి చెప్తే ఆయనే కాస్త చిన్నబుచ్చుకున్నారు.

అత్తగారి సంగతి ఇంకా తేలలేదు. అరిసెలు రెండు వాయిలు చేద్దాం, ఒకటి ఆయన యూనిట్‌కి పంపుదాం అన్నాను. ఎన్ని కిలోల బియ్యం నానబెట్టాలో లెక్క వేస్తున్నారు. చుట్టాలకి మాత్రం ఏం చేయాలో తెలియడం లేదు.

తంగేడు_లాఠీ
చుట్టాలకి ఏమీ చేయనక్కర్లేదు. కొత్త చీర కట్టుకోండి.

ఉద్దానం_కోడలు
అలాగే అక్కా. జనవరి ఆఖర్లో ఆయనకి లీవు దొరికితే ఢిల్లీ నుంచి టికెట్ సంగతేంటి? రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా, లీవు పాస్ అయ్యేసరికి అన్నీ వెయిటింగ్ లిస్టే.

బస్తర్_బాబాయ్
ఆర్మీ వాళ్లకి రైళ్లలో ఎంసీఓ (మూవ్‌మెంట్ కంట్రోల్ ఆఫీస్, జవాన్ల ప్రయాణాలు చూసేది) కోటా ఉంటుంది. పెద్ద స్టేషన్లలో ఉంటుంది ఆ ఆఫీసు, న్యూఢిల్లీలో, మన సికింద్రాబాద్‌లో. ఐడీ కార్డు, లీవు సర్టిఫికెట్ రెండూ చేతిలో ఉంచుకోమనండి. పండగ ముందు రష్‌లో ఆ కోటా కూడా దొరకదు కానీ, జనవరి ఆఖరు కాబట్టి ఈ దిక్కుకి వచ్చే రైళ్లు ఖాళీగానే ఉంటాయి. తిరుగు టికెట్ మాత్రం ఇప్పుడే చేసేయండి, లీవు ఎప్పటికి అయిపోతుందో ఒక అంచనా ఉంటుంది కదా. కాకపోతే క్యాన్సిల్ చేసుకోవచ్చు.